ఆఫ్‌లైన్ అన్న కెమెరాలో లోపం ఎక్కడుంది?

ఫోనులో నిఘా కెమెరాల యాప్ తెరిస్తే నాలుగు గళ్లలో మూడు కదులుతుంటాయి, ఒకటి నల్లగా ఉంటుంది. దాని మీద 'ఆఫ్‌లైన్' అని ఒక మాట. కెమెరాకు కరెంటు అందకపోయినా అదే మాట వస్తుంది. తీగ తెగినా, నెట్‌వర్క్‌లో కెమెరా చిరునామా మారినా, రౌటర్ మొరాయించినా అదే. పాస్‌వర్డు సరిపోనప్పుడు కూడా కొన్ని యాప్‌లు వేరే కారణం చెప్పే శ్రమ తీసుకోవు. ఇన్ని జబ్బులకు ఒకే లక్షణం చూపించే పరికరం దగ్గర చాలామంది చేసే మొదటి పని రీసెట్ బటన్ నొక్కడం, రెండోది కొత్త కెమెరా ధర అడగడం.

రెండూ తొందరపాటే. 1996లో స్వీడన్‌కు చెందిన యాక్సిస్ సంస్థ నెట్‌ఐ 200 పేరుతో మొదటి నెట్‌వర్క్ కెమెరాను తెచ్చింది. అప్పటికీ ఇప్పటికీ ఈ కెమెరా అంటే కటకం తగిలించిన ఒక చిన్న కంప్యూటరే. దాని బొమ్మ మన కంట పడాలంటే కరెంటు, తీగ, చిరునామా, ప్రసారం, బయటి ఇంటర్నెట్ అన్నీ వరుసగా పనిచేయాలి. లోపం ఈ వరుసలో ఎక్కడున్నా బయటపడేది మాత్రం చివరనే. అందుకే అడుగు నుంచి, అంటే కరెంటు నుంచి వెతుక్కుంటూ రావాలి. రీసెట్ చేస్తే వెతుకులాటకు పనికొచ్చే ఆధారాలు కూడా చెరిగిపోతాయి. కెమెరాను అనుమానించడం ఈ క్రమంలో చివరి పని.

చీకటి పడగానే పోయే బొమ్మ

కెమెరాలు అమర్చేవారికి బాగా పరిచయమైన ఫిర్యాదు ఒకటుంది. పగలంతా బొమ్మ నిక్షేపంగా వస్తుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పోతుంది. తెల్లవారితే ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి వస్తుంది. ఇందులో దయ్యం లేదు, కరెంటు లెక్క ఉంది.

చీకటి పడగానే కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగిస్తుంది. పగలు 4 వాట్లతో సరిపెట్టుకున్నది అప్పుడు 9 వాట్లు అడుగుతుందనుకుందాం. 12 వోల్టుల అడాప్టర్‌ను కిందే ఉంచి, నెట్‌వర్క్ తీగలో వాడకుండా మిగిలిన నాలుగు పోగుల గుండా స్ప్లిటర్‌తో కరెంటు పైకి పంపడం చౌకలో అయిపోయే పద్ధతి. 12 వోల్టుల దగ్గర 9 వాట్లంటే 0.75 ఆంపియర్ పారాలి. తీగ అసలైన రాగిదైతే 30 మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపి నిరోధం రెండున్నర ఓమ్‌ల దాకా ఉంటుంది. సుమారు 2 వోల్టులు దారిలోనే కరిగిపోతాయి. చవకగా అమ్మే తీగల్లో చాలావాటి లోపల ఉండేది అల్యూమినియం, రాగి పైపూత మాత్రమే. దానితో నిరోధం 4 ఓమ్‌లకు చేరుతుంది, 3 వోల్టులు పోతాయి, 12 వోల్టులు కావలసిన కెమెరాకు 9 అందుతాయి.

ఆ తర్వాత జరిగేది చూడదగ్గది. వోల్టేజి పడిపోగానే కెమెరా ఆగిపోతుంది. దీపాలు ఆరాయి కనుక వోల్టేజి కోలుకుంటుంది. కెమెరా మళ్లీ మేల్కొని, చుట్టూ చీకటిగా ఉందని గమనించి, పగటి రంగులు చెడకుండా ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపడానికి కటకం వెనుక ఉన్న ఫిల్టర్‌ను పక్కకు జరిపి దీపాలు వెలిగిస్తుంది. మళ్లీ పడిపోతుంది. రాత్రి దాని కింద నిలబడితే కొద్దిసేపటికోసారి 'టక్'మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. అది ఆ ఫిల్టర్ కదలిక. తెల్లవార్లూ ఇదే తంతు.

దీన్ని తేల్చడానికి రాత్రి దాకా ఆగనక్కర్లేదు. పగటిపూటే సెట్టింగుల్లో నైట్ మోడ్ పెట్టవచ్చు, లేదా వెలుతురును గ్రహించే భాగం మీద నల్ల టేపు అంటించవచ్చు. వెంటనే కెమెరా పడిపోతే నేరం కరెంటుదే. కొత్త కెమెరా తెచ్చి అదే తీగకు తగిలిస్తే అదీ సాయంత్రానికి అలాగే పోతుంది.

నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ (కెమెరాల తీగలన్నీ వచ్చి చేరే పెట్టె) వాడితే ఈ బాధ చాలావరకు ఉండదు. అది 48 వోల్టుల దరిదాపుల్లో కరెంటు పంపుతుంది. వోల్టేజి నాలుగు రెట్లయితే అదే పనికి ప్రవాహం నాలుగో వంతు చాలు, తీగలో వృథా పదహారో వంతుకు పడిపోతుంది. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు (స్విచ్‌లో తీగ తగిలించే చోటు) 15.4 వాట్లు ఇస్తుంది, 100 మీటర్ల తీగ చివర 12.95 వాట్లు అందుతాయి. 2009లో వచ్చిన 802.3ఏటీలో పోర్టుకు 30 వాట్లు. అయితే స్విచ్ కొనేటప్పుడు చూడాల్సిన అసలు అంకె వేరే ఉంది. అన్ని పోర్టులకూ కలిపి ఆ స్విచ్ ఇవ్వగల మొత్తం ఎంత అన్నది. ఎనిమిది పోర్టుల స్విచ్ మొత్తం మీద 60 వాట్లే ఇవ్వగలిగితే, రాత్రి ఎనిమిది కెమెరాలు తలా 9 చొప్పున 72 అడుగుతాయి. అప్పుడు స్విచ్ ఎవరో ఒకరికి కోత పెడుతుంది. కోత పడ్డ కెమెరా వల్ల స్విచ్ నిర్వాకం బయటపడదు, కెమెరాకే చెడ్డపేరు వస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అన్నీ ఒకేసారి మాయమైతే ఇన్వర్టర్ సంగతి చూడాలి. లైన్ నుంచి బ్యాటరీకి మారే క్షణంలో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, రౌటర్ మాత్రం ఆగి మొదటి నుంచి మొదలవుతుంది. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉంటే అది పెట్టడం, లేదా రౌటర్‌కూ స్విచ్‌కూ చిన్న డీసీ యూపీఎస్ తగిలించడం మందు.

ఎనిమిది దీపాలూ వెలిగినా

నెట్‌వర్క్ తీగలో ఎనిమిది పోగులు నాలుగు జతలుగా మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక ఊరికే వేసింది కాదు. బయటి నుంచి వచ్చే విద్యుత్ రొద జతలోని రెండు పోగుల మీదా సమానంగా పడి, అవతలి చివర రద్దయిపోవాలన్నది దాని ఉద్దేశం. కనెక్టర్‌లో 1, 2 స్థానాలు ఒక జతవి. మరో జత 3, 6 స్థానాలది. 3, 4 కాదు. నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ అనే వరుస చూడడానికి వింతగా ఉండేది అందుకే. హడావిడిలో ఏ రంగు పక్కన ఆ రంగునే పేర్చి రెండు చివరలా ఒకేలా కనెక్టర్‌లో బిగిస్తే (క్రింప్ చేస్తే) చౌక టెస్టర్ మీద ఎనిమిది దీపాలూ వరుస తప్పకుండా వెలుగుతాయి. టెస్టర్ చెప్పేది పోగు తెగలేదని మాత్రమే. జత చెదిరిందని అది చెప్పలేదు. ఐదు మీటర్ల తీగలో ఈ తప్పు దాగిపోతుంది. నలభై మీటర్లకు వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, కెమెరా ఉన్నట్టుండి పోయి వస్తుంటుంది, 100 ఎంబీపీఎస్ ఉండాల్సిన వేగం 10కి దిగిపోతుంది. ఈ వేగం స్విచ్ సెట్టింగుల పేజీలో కనిపిస్తుంది. కొన్ని స్విచ్‌ల మీదైతే పోర్టు దీపం రంగు మారుతుంది.

వానాకాలం ఫిర్యాదులకు వేరే కారణం ఉంది. బయట బిగించిన కెమెరాకు వెనుక ఒక జానెడు తోక ఉంటుంది, దాని చివర నెట్‌వర్క్ సాకెట్. పెట్టెలో ఇచ్చిన నీరు చొరబడని తొడుగును పక్కన పడేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. టేపు లోపలికి పాకిన చెమ్మ, దానికి తోడు ఎప్పుడూ పారే 48 వోల్టుల డీసీ కలిస్తే పిన్నుల మీద లోహం తినేయడం మొదలవుతుంది. కనెక్టర్ విప్పి చూస్తే ఎనిమిది పిన్నుల్లో ఒకటి రెండు పచ్చగా చిలుము పట్టి లేదా నల్లబడి ఉంటాయి. వాటిని తుడిచి మళ్లీ పెడితే వారం రోజులు నడుస్తుంది. తీగ చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేయడమే దారి. తోకలోని సాకెట్ కూడా పాడైతే కెమెరా తోకనే మార్చాలి. తీగ కెమెరాలోకి ఎక్కే ముందు కాస్త కిందికి వేలాడేలా వంపు వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ జాగ్రత్తను ఎందుకో చాలామంది పాటించరు.

పిడుగు పడిన మర్నాడు ఒకే స్విచ్‌కు తగిలిన రెండు మూడు కెమెరాలు కలిసి పోతే మాత్రం తీగలతో కుస్తీ పట్టి లాభం లేదు. పోర్టులు కాలిపోయి ఉంటాయి. వాటిని వేరే పోర్టుకు మార్చి చూస్తే పోయింది స్విచ్ వైపా, కెమెరా వైపా తెలుస్తుంది.

చుట్టాలు వచ్చినప్పుడే పోయే కెమెరా

కరెంటూ తీగా బాగున్నాయి, పోర్టు దీపం మిణుకుతోంది, అయినా బొమ్మ లేదు. అప్పుడు చూడాల్సింది ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఉండే నంబరు. హిక్‌విజన్ కెమెరాలు చాలావరకు 192.168.1.64తో, దహువావి 192.168.1.108తో ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. ఒకే రకం కెమెరాలు రెండు తెచ్చి అలాగే తగిలిస్తే ఇద్దరికి ఒకే ఇంటి నంబరు ఇచ్చినట్లే. ఒకటి కనిపిస్తే మరొకటి పోతుంది, కాసేపటికి తారుమారవుతుంది.

ఇంతకంటే చిక్కుగా ఉండేది ఇంకొకటి. కెమెరాకు ఒక చిరునామా స్థిరంగా రాసిపెడతారు, కానీ రౌటర్ తనంతట తాను పంచిపెట్టే చిరునామాల్లోనే అదీ ఉంటుంది. మామూలు రోజుల్లో ఇంట్లో నాలుగు ఫోనులే కనుక గొడవ రాదు. పండక్కి చుట్టాలు వచ్చి పదిహేను ఫోనులు వైఫైలో చేరితే, కెమెరా చిరునామా ఎవరి ఫోనుకో దక్కుతుంది. చుట్టాలు వెళ్లిపోతే కెమెరా తిరిగి వస్తుంది. కెమెరాను స్వయంగా చిరునామా తీసుకునేలా వదిలి, రౌటర్‌లో దాని పేరిట ఒక చిరునామా కేటాయించడం దీనికి శాశ్వత పరిష్కారం.

ఇంటర్నెట్ సంస్థ మారినప్పుడు అన్ని కెమెరాలూ ఒకేసారి మాయమవడానికీ ఇదే మూలం. పాత రౌటర్ 192.168.1 వరుసలో ఉండేది, కొత్తది 192.168.29 వరుసలో ఉంటుంది. కెమెరాలు పాత వరుసలోనే కూర్చుని ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను తీగతో అదే స్విచ్‌కు కలిపి, దానికి తాత్కాలికంగా 192.168.1.10 వంటి చిరునామా ఇస్తే కెమెరాల పేజీలు మళ్లీ తెరుచుకుంటాయి. అక్కడ మార్చుకోవచ్చు. కెమెరా తయారీ సంస్థలు ఉచితంగా ఇచ్చే వెతికే సాఫ్ట్‌వేర్ సాధారణంగా వరుస వేరైనా కెమెరాను పట్టేస్తుంది కనుక పని ఇంకా తేలిక.

ఎన్‌వీఆర్ (కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) వెనుక ఉన్న పీఓఈ పోర్టులకే నేరుగా తగిలించిన కెమెరాల సంగతి వేరు. అవి ఎన్‌వీఆర్ లోపలి ప్రత్యేక నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఇంటి వైఫై నుంచి పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని పలకరిస్తే, బదులు రాదు. అది జబ్బు కాదు, అమరికే అంత.

లాగిన్ అవుతుంది, బొమ్మ రాదు

పాత కెమెరాల వెబ్ పేజీలో సెట్టింగులన్నీ తెరుచుకుంటాయి, వీడియో గడి మాత్రం ఖాళీగా ఉండి ప్లగిన్ వేయమంటుంది. ఆ ప్లగిన్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసినవి. క్రోమ్ 2015లోనే అలాంటి పాత ప్లగిన్లకు తలుపు మూసింది, ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో మంగళం పాడింది. ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఐఈ మోడ్‌తో గానీ, తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో గానీ చూడాలి. కొత్త కెమెరాను పాత ఎన్‌వీఆర్‌కు కలిపినప్పుడు పేరు కనిపించి బొమ్మ రాకపోతే, కెమెరా వీడియోను హెచ్.265 అనే కొత్త కుదింపు పద్ధతిలో పంపుతోందేమో చూసి పాతదైన హెచ్.264కు మార్చితే చాలాసార్లు సరిపోతుంది.

రెండు సంస్థల పరికరాలను కలిపేటప్పుడు ఆన్‌విఫ్ ముందుకు వస్తుంది. యాక్సిస్, బాష్, సోనీ కలిసి 2008లో మొదలుపెట్టిన ఉమ్మడి ఒప్పందం ఇది. పెట్టె మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని కెమెరాల్లో ఆన్‌విఫ్‌ను విడిగా ఆన్ చేసి, దానికి ప్రత్యేకంగా ఒక యూజర్‌ను సృష్టించాలి. మామూలు అడ్మిన్ పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా తలుపు తీయదు.

పాస్‌వర్డు మార్చిన తర్వాత మొదలయ్యే తికమక మరొకటి. కెమెరాలో మార్చి ఎన్‌వీఆర్‌లో మార్చడం మరిచిపోతే, ఎన్‌వీఆర్ పాత పాస్‌వర్డుతో పదే పదే తడుతూనే ఉంటుంది. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కెమెరా ఖాతాను కొంతసేపు మూసేస్తుంది. ఇప్పుడు సరైన పాస్‌వర్డు కొట్టినా లోపలికి రానివ్వదు. పాస్‌వర్డు మరిచిపోయామనుకుని రీసెట్‌కు పరిగెత్తేది ఇక్కడే. ముందు ఎన్‌వీఆర్ తీగ పీకి, కెమెరాను ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి ప్రయత్నిస్తే చాలాసార్లు రీసెట్ అవసరమే రాదు.

ఇంట్లో కనిపించి, ఊళ్లో కనిపించనిది

వైఫైలో బాగా కనిపించే కెమెరా మొబైల్ డేటా మీద తెరుచుకోకపోతే లోపం ఇంటి గుమ్మం దగ్గర ఉన్నట్టు. ఒకప్పుడు రౌటర్‌లో పోర్టు (ఇది తీగ తగిలించేది కాదు, బయటి నుంచి లోపలికి వచ్చే దారి) తెరిచి బయటి నుంచి నేరుగా చూసేవారు. ఇప్పుడు అనేక కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. వేల ఇళ్లు ఒకే చిరునామా వెనుక ఉంటాయి. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే అదే పరిస్థితి. పోర్టు ఎంత శ్రద్ధగా తెరిచినా పనిచేయదు. తయారీదారు క్లౌడ్ సేవ ద్వారా గానీ, వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి వేసుకునే సొంత రహస్య దారి) ద్వారా గానీ వెళ్లాలి.

నిజానికి పోర్టు తెరుచుకోకపోవడం ఒక రకంగా మేలే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్ మీద బట్టబయలుగా ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు (పాత రకం రికార్డర్లు), రౌటర్ల మీదికి ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితా ఒకటి పట్టుకుని వెళ్లింది. అందులో ఉన్నవి అరవైకి కాస్త పైగా జతలు మాత్రమే. అంత చిన్న జాబితాతో కూడగట్టిన సైన్యం ఆ అక్టోబర్ 21న వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపే డిన్ అనే సంస్థను ముంచెత్తి, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా చేసింది. రాత్రిపూట ఇంటర్నెట్ కారణం లేకుండా నెమ్మదించి, అప్‌లోడ్ మాత్రం నిండుగా కనిపిస్తుంటే ఇంట్లోని పాత కెమెరా ఎవరి పని చేస్తోందో ఒకసారి చూడాలి. భారత్‌లో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు కనీస భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు గోడకెక్కినవాటికి మాత్రం ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) నవీకరణ, గట్టి పాస్‌వర్డు తప్ప రక్షణ లేదు.

ఆన్‌లైన్‌లోనే ఉండి మోసం చేసేది

ఆఫ్‌లైన్ కెమెరా కనీసం తన సంగతి తాను చెబుతుంది. అంతకంటే ప్రమాదం, బొమ్మ చక్కగా చూపిస్తూ ఏమీ రికార్డు చేయని కెమెరా. దొంగతనం జరిగాక వెనక్కి తిప్పి చూస్తేనే అది బయటపడుతుంది.

మొదటి కారణం డిస్కు లెక్క. 4 ఎంబీపీఎస్ చొప్పున పంపే కెమెరా రోజుకు 43 జీబీ నింపుతుంది. ఎనిమిదింటికి 345 జీబీ. 4 టీబీ డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండి, పాతవాటి మీద రాసుకోవడం మొదలవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం ఎక్కువగా వచ్చే సంస్థలు దృశ్యాలను 30 రోజులు దాచాలంటుంది. ఈ లెక్కన ఎనిమిది కెమెరాలకు 10 టీబీ పైచిలుకు కావాలి. డిస్కు పెంచడం, లేదా హెచ్.265తో బిట్‌రేటు (సెకనుకు పంపే డేటా) సగానికి తగ్గించడం, లేదా కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయించడం, వీటిలో ఏదో ఒకటి తప్పదు. మెమరీ కార్డుల కథ ఇంకా అన్యాయం. నిరంతరం రాతకు తట్టుకోలేని మామూలు కార్డు కొంతకాలానికి అరిగిపోయి, కొత్తది రాయకుండా పాతదే చూపిస్తూ ఉండిపోతుంది. నిన్నటి తేదీన ఏదో ఒక గంట తీసి చూడడమే దీనికి పరీక్ష.

రెండోది గడియారం. బొమ్మ మీది సమయం రెండున్నర గంటలు ముందుంటే కెమెరా ఇంకా చైనా కాలమానంలో ఉన్నట్టు. ఎన్‌వీఆర్‌లోని నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఎక్కడో వెనక్కి వెళుతుంది. రికార్డింగ్ జరిగే ఉంటుంది, వెతికిన తేదీలో మాత్రం దొరకదు. చిన్న బ్యాటరీతో, గడియారాన్ని ఇంటర్నెట్ సమయానికి కట్టే ఎన్‌టీపీ సెట్టింగుతో పోయే లోపం ఇది. కానీ 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద వీడియోకు ధ్రువపత్రం ఇచ్చి కోర్టులో పెట్టాల్సి వచ్చినప్పుడు, తప్పు సమయం ఎదుటి న్యాయవాదికి ఉచితంగా దొరికిన అస్త్రం.

రాత్రి బొమ్మ పాలలా తెల్లబారితే కారణం ఎక్కువగా సాలెగూడే. ఇన్‌ఫ్రారెడ్ దీపాల చుట్టూ పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు వస్తుంది, కటకం ముందు వేలాడే ఒక్క పోగు దీపాల వెలుగుకు తాడంత లావుగా మెరుస్తుంది. నిమిషానికోసారి 'కదలిక గుర్తించాం' అని ఫోను మోగడం కూడా దాని చలవే. బూజు కర్ర చాలు. పగటి బొమ్మలో చెట్ల ఆకులు గులాబీ రంగులో కనిపిస్తే మాత్రం ఫిల్టర్ పక్కకు జరిగి ఇరుక్కుపోయింది. పగలు, రాత్రి మోడ్‌లు నాలుగైదుసార్లు మార్చి చూసినా కదలకపోతే మరమ్మతుకు పంపాలి.

ఇక రీసెట్. బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కితే పాస్‌వర్డు పోతుంది, కానీ కొన్ని సంస్థల కెమెరాలు ఒక ఖాతాకు కట్టుబడి ఉంటాయి. అమర్చిన టెక్నీషియన్ తన ఫోనుతో, తన ఖాతాలో నమోదు చేసి ఉంటే రీసెట్ తర్వాత కూడా 'ఇది మరొకరి ఖాతాలో ఉంది' అనే వస్తుంది. ఆ టెక్నీషియన్ ఊళ్లో లేకపోతే బిల్లు, సీరియల్ నంబరు ఫోటో పంపి తయారీదారు చేతే విడిపించుకోవాలి. అమర్చిన రోజునే యజమాని ఖాతాలో నమోదు చేయించుకుని, అడ్మిన్ పాస్‌వర్డు రాయించుకుంటే ఈ తిరుగుడు ఉండదు.

అన్నీ చూశాక కూడా ప్రాణం రాని కెమెరాను గోడ నుంచి దింపి, స్విచ్ పక్కనే బల్ల మీద పెట్టి, పనిచేస్తుందని తెలిసిన ఒక మీటరు తీగతో, పనిచేస్తున్న మరో కెమెరా పోర్టుకే తగిలించాలి. రెండు నిమిషాల్లో బొమ్మ వస్తే పైనున్న తీగ మార్చాలి. పోర్టు దీపమే వెలగకపోతే వారంటీ కాగితం తీయాలి.